చెయ్యి వెంటనే వెనక్కి

ఆపరేషన్ థియేటర్‌లో నాకు పని నేర్పినామె నాకంటే పద్నాలుగేళ్లు పెద్దది. లోపల అందరి ముందు "సిస్టర్" అనేదాన్ని, తలుపు దాటి బయటికొస్తే "అక్కా" అనేదాన్ని. ఆమె మాత్రం లోపలా బయటా "పిల్లా" అనే పిలిచేది. ఇప్పుడు పనిలో నన్నట్లా పిలిచేవాళ్లు లేరు. నా కింద నలుగురు పనిచేస్తున్నారు. అందరూ "మేడం" అంటారు. ఆ మాట వింటే నా వెనక ఎవరో వచ్చి నిలబడ్డారేమోనని ఇప్పటికీ తిరిగి చూస్తాను.

అది మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోం. కొత్తగూడ అవతల మా తండా నుంచి నర్సింగ్ చదివిన మొదటి పిల్లను నేనే. తెలుగు నాకు బడిలో వచ్చిందే తప్ప ఇంట్లో వచ్చింది కాదు. చేరిన మొదటి రోజు కంగారులో "డాక్టర్ సార్ వచ్చింది" అన్నానట. అక్క చేతిలో పని ఆపకుండానే "వస్తే రానీ, బొట్టు పెట్టి కూసోబెట్టు" అంది. నాకు అప్పటికప్పుడు కోపం వచ్చింది. నా కోపం గురించి మా తండాలో ఎవరినడిగినా చెబుతారు. కానీ మధ్యాహ్నం తన డబ్బా విప్పి, మక్క గారె ఒకటి నా నోట్లో పెట్టింది. ఇక ఆమె మీద ఎట్లా కోప్పడాలో నాకు తెలియలేదు.

నాకు అన్నిటికంటే గుర్తొచ్చేది పొద్దుటి పూట. బట్టల గదిలో నేల మీద దుప్పటి పరుచుకుని ఇద్దరం ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. గాజుగుడ్డ కత్తిరించడం, మడతలు పెట్టడం, ఆవిరి పట్టే డ్రమ్ముల్లో సర్దడం. పక్క గదిలోంచి ఉడికిన బట్టల ఆవిరి వాసన వచ్చేది. అక్క జనగామ ముచ్చట్లు చెప్పేది, వాళ్ల వాడలో ఎవరు ఎవరితో మాట్లాడరో, ఎందుకు మాట్లాడరో. మధ్యలో పెద్ద డాక్టరు కారు వచ్చేది. కారు తలుపు వేసిన చప్పుడును బట్టి ఆరోజు ఆయన మనసు ఎట్లా ఉందో అక్క చెప్పేసేది. మెల్లగా పడితే "ఎండ" అనేది. గట్టిగా పడితే "వాన పిల్లా, గొడుగు తెచ్చుకో" అని లేచేది. ఆ మాటకు నవ్వేవాళ్లం. నవ్వే సంగతి కాదని ఇద్దరికీ తెలుసు.

ఆయన హస్తవాసి మంచిదని ఊళ్ల నుంచి జనం వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. మంచిదే, నేను కాదనను. కానీ లోపల ఆ చెయ్యి మా మీదికి కూడా లేచేది. ఇచ్చిన కత్తెర నచ్చకపోతే మా కాళ్ల మీదికి విసిరేవాడు. ట్రే గోడకు తగిలి కిందపడేది. అడ్డం అనిపిస్తే మోచేత్తో డొక్కలో పొడిచేవాడు. ఎక్కువగా అక్కకే తగిలేది. బయటికొచ్చాక ఆమె ఏమీ జరగనట్టు మాస్కు తీసి, "ఇయ్యాల ఏం కూర తెచ్చినవ్?" అని అడిగేది.

పనిముట్లు అందించడం అక్క నాకు నేర్పిన తీరు చదువులో చెప్పినదానికి వేరు. "అరచేతిల ఠప్పుమని పడాలె. పడంగనే చెయ్యి ఎన్కకు గుంజుకోవాలె. జర భుజం గూడ తిప్పు. నీ చెయ్యి ఆడ ఉండొద్దు" అనేది. ఆమె చెయ్యి టేబుల్ మీద కనబడి మాయమయ్యేది, కొంగ నీళ్లలో ముక్కు పెట్టి తీసినట్టు. అంత అందంగా పనిచేసే మనిషిని నేను మళ్లీ చూడలేదు. నా గదిలో దిండును డాక్టరు చేసి, కత్తెరతో రోజూ సాధన చేసేదాన్ని. అక్క చెయ్యిలాంటి చెయ్యి నాకు రావాలి, అంతే నా కోరిక.

ఒకరోజు గర్భసంచి ఆపరేషన్ పడింది, పనిముట్లు అందించేది నేను. కడుపు మూసే ముందు మాపులు లెక్కపెట్టాలి. రక్తం ఒత్తే మెత్తటి గుడ్డ మడతలవి, ఒక్కటి లోపల మిగిలిపోయినా మనిషి ప్రాణం మీదికి వస్తుంది. టేబుల్ మీద ఉన్నవి నేను, వాడేసి బకెట్లో పడేసినవి అక్క, ఇద్దరం పైకి చదువుతూ లెక్కపెట్టాం. ఒకటి తక్కువ వచ్చింది. మళ్లీ లెక్కపెట్టాం. మళ్లీ అంతే.

"సార్, ఒకటి తక్కువుంది" అన్నాను.

"సూది ఇవ్వు" అన్నాడు.

"లెక్క తేలలేదు సార్."

దారం ఎక్కించిన సూది, దాన్ని పట్టుకునే ఇనుప పట్టకారు నా చేతిలోనే ఉన్నాయి. ఇవ్వలేదు. చెయ్యి వెనక్కి కూడా తీసుకోలేదు. అక్క నేర్పింది ఆ ఒక్కరోజే మరిచాను. ఆయన పట్టకారు లాక్కుని దాంతోనే నా మణికట్టు మీద రెండుసార్లు కొట్టాడు. తర్వాత మోచేత్తో నెట్టాడు. నా వీపు ట్రాలీకి తగిలి పనిముట్లన్నీ గలగలమన్నాయి. మత్తు డాక్టరు మానిటర్ మీంచి చూపు తిప్పలేదు.

అప్పుడు అక్క బకెట్లోంచి ఒక మాపు తీసి విప్పింది. అవి రెండు. రక్తంతో అతుక్కుపోయి ఒకటిగా లెక్కలోకి వచ్చాయి. "దొరికింది సార్" అంది సన్నగా. ఆయన నవ్వాడు. "లెక్కలు రానివాళ్లను నా నెత్తిన పెడతారు" అన్నాడు, నావైపు చూస్తూ.

బట్టల గదిలో అక్క నా చేతికి పట్టీ చుట్టింది. చుడుతున్నంతసేపూ ఏడ్చింది. "తప్పు నాదే పిల్లా. నేనే సక్కగ జూడలే" అంది. తప్పు ఎవరిదైతేనేం అక్కా, తప్పు చేస్తే కొడతారా అన్నాను. మర్నాడు నర్సింగ్‌హోం యజమాని దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆయన పెద్దమనిషి, కూర్చోమన్నాడు, చాయ తెప్పించాడు. "పాలిచ్చే బర్రె తన్నినా పడాలె బిడ్డా" అన్నాడు. నాకు పాలూ వద్దు, తన్నులూ వద్దు అన్నాను. అప్పుడు అక్కను పిలిపించాడు.

"కొట్టిండట గదా, నువ్వు జూసినవా?"

అక్క తన చేతులవైపు చూసుకుంది. "నేను బకెట్ దిక్కు వంగి ఉన్న సార్. సూడలే" అంది.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నా మనిషి నవ్వను కూడా లేదు. తల వంచుకుంది, అంతే. మణికట్టు వాపు పది రోజుల్లో తగ్గింది. నేను ఆ వారంలోనే పని మానేశాను. వెళ్లేముందు ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. నా కోపం అట్లాంటిది.

తర్వాత సర్కారు కొలువు వచ్చింది. చిట్యాల వైపు చిన్న దవాఖానలో ఐదేళ్లకు పైగా పిల్లలకు టీకాలు వేశాను, ముసలివాళ్లకు బీపీ చూశాను. మంచి పని, కాదనను. కానీ నాకు ఆ బట్టల గది కావాలనిపించేది. ఆవిరి వాసన కావాలనిపించేది. ఎదురుగా కూర్చుని నన్ను వెక్కిరించే మనిషి కావాలనిపించేది. ఫోన్లు మారాయి, ఆమె నంబరు మాత్రం తీసెయ్యలేదు. ఆమె వాట్సాప్‌లో స్టేటస్ పెడితే వెంటనే చూసేదాన్ని. ఎవరు చూశారో ఆమెకు తెలుస్తుంది కదా. అన్నేళ్లలో మా మధ్య మిగిలిన మాట అదొక్కటే. ఫోన్ చేసి ఏమనాలి? నువ్వు చూశావు, చూశానని ఒక్కసారి నాతోనన్నా అను అనాలి. అనలేకపోయాను.

కిందటేడు భూపాలపల్లి వైపు ఒక ఆసుపత్రిలో మళ్లీ థియేటర్ డ్యూటీ పడింది. ఇక్కడ ఆపరేషన్లు చేసేది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. ఒకరోజు కుట్లు వేస్తూ వేస్తూ ఆగింది.

"అక్కా, ఒకటి అడుగుత, ఏమనుకోవద్దు. చెయ్యి ఎందుకు గట్ల గుంజుకుంటరు? నేనేమన్న కొడతనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే పక్కకు చూశాను. నేను పని నేర్పుతున్న ఇద్దరు ట్రైనింగ్ పిల్లలు చేతులు రొమ్ముకు ఆనించుకుని, భుజం కొద్దిగా తిప్పుకుని నిలబడి ఉన్నారు. వాళ్లకు దెబ్బలంటే ఏమిటో తెలియదు. తప్పించుకోవడం మాత్రం వచ్చేసింది.

అప్పుడు అర్థమైంది నాకు. అక్క నాకు నేర్పింది పని కాదు, దెబ్బ తగలకుండా ఉండడం. నేను రాకముందు ఎన్నేళ్లు, ఎన్ని దెబ్బలు తింటే ఆమెకు ఆ ఒడుపు వచ్చిందో. నేను దాన్ని అందం అనుకున్నాను.

అక్క ఇప్పుడు సొంతూళ్లోనే ఉంటోందని ఆమె స్టేటస్‌లను బట్టి తెలుసు. ఆ ఆదివారమే బయలుదేరాను. హన్మకొండలో బస్సు మారి జనగామ చేరేసరికి ఎండ మండిపోతోంది. మోకాళ్ల నొప్పులతో అక్క థియేటర్ పని మానేసిందట. ఇంటి వసారాలో ఒక ముసలమ్మకు బీపీ చూస్తోంది. నన్ను చూసి చెవుల్లోని గొట్టాలు తియ్యకుండానే, "గింత ఎండల వచ్చినవేందే పిల్లా, ముందుగాల నీళ్లు తాగు" అంది. ఆ పిలుపు విని చెంబెడు నీళ్లూ తాగేశాను.

ముసలమ్మ పోయాక అడిగాను. "అక్కా, ఆ రోజు నువ్వు చూసినవ్ కదా."

అక్క బీపీ పట్టీని చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

"చూసిన. రెండు దెబ్బలు. చూసిన."

"మరి అప్పుడెందుకు చెప్పలే?"

"కొలువు పోతదని భయమైంది, అబద్ధమెందుకు. కానీ గదొక్కటే గాదు." నా ముఖంలోకి చూడకుండా చెప్పింది. "నీకు దెబ్బ తగిలినప్పుడు నా పానం సల్లబడ్డది పిల్లా. హమ్మయ్య, ఇయ్యాల నాకు గాదు అనుకున్న. గట్ల అనుకున్న మొకం పెట్టుకొని నీ పక్కన నిలబడి ఏం చెప్పాలె?"

నేను ఆమె నోట వినాలని వచ్చిన మాట వినేశాను. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. అన్నేళ్లుగా నేనే దాచుకున్నది నోటిదాకా వచ్చింది. ట్రే ఆమె వైపు ఎగిరిన ప్రతిసారీ, మోచెయ్యి ఆమె డొక్కలో దిగిన ప్రతిసారీ, నేనూ లోపల హమ్మయ్య అనుకున్నాను. ఆమె పక్కన నిలబడే అనుకున్నాను.

"నాక్కూడా అనిపించేదక్కా. నిన్ను కొట్టినప్పుడల్లా" అన్నాను.

"ఎరికే" అంది. "మాస్కు పెట్టుకున్నా నీ కండ్లల్ల కనపడేది."

అన్నీ తెలిసే రోజూ పొద్దున నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఓపిగ్గా చెయ్యి పట్టుకుని, దాన్ని వెనక్కి గుంజుకోవడం నేర్పింది.