నాలుగో లైనరు

మొన్న వేలూరులో ఒక వర్క్‌షాపులో పాతకాలపు కారు ఇంజను విప్పి మళ్లీ బిగిస్తుంటే చూస్తూ నిలబడ్డాను. మెకానిక్ ఐసుపెట్టెలోంచి లైనరు తీశాడు. అరిగిపోయిన సిలిండర్లో కొత్తగా దించే పలచని ఇనుప గొట్టం అది. నిటారుగా పట్టి వేడి బ్లాకులోకి, అంటే సిలిండర్లు తొలిచిన ఇంజను దిమ్మలోకి, వదిలితే జారి కూర్చుంది. ఆయన చేతులు తుడుచుకుని టీకి వెళ్లిపోయాడు. నేను మాత్రం ఆ సిలిండర్లోకే చూస్తూ ఉండిపోయాను.

గుడియాత్తంలో మా మేనమామకు కారుండేది. ఊరు మొత్తానికి రెండో మూడో ఉన్న రోజుల మాట. తరతరాల నేతపని ఇంట్లో కాళ్లు దించుకుని కూర్చుని నేసే మగ్గం గుంతలోంచి లేచి స్టీరింగు పట్టుకున్న మొదటివాడు ఆయనే. రెండు మగ్గాలూ అమ్మి ఆ బండి కొని, కాట్పాడి స్టేషనుకూ వేలూరు ఆస్పత్రికీ బాడుగకు తిప్పేవాడు. పక్కింట్లోనే ఉండే ఆయన అన్న తన ఇంట్లో ఒక మగ్గం గుంతను ఖాళీగా ఉంచాడు, తమ్ముడు ఏదో ఒకరోజు తిరిగి వస్తాడని. మామ ఆ గుమ్మం ముందు బండి ఆపేవాడు కాదు. నాలుగేళ్లకు బండి నీలం పొగ వదలడం మొదలుపెట్టింది. సిలిండర్లు అరిగాయన్నారు. బ్లాకును వేలూరులో తొలిపించి, లైనర్లు దించే పనికి మాత్రం మామ ఇంటికి తెప్పించుకున్నాడు.

నేను అప్పటికి మద్రాసులో ఒక దినపత్రికలో చేరి ఏడాది. సెలవు మీద వెళ్లిన రోజునే వేలూరు నుంచి మేస్త్రి దిగాడు. తాపీపని ఇంట్లో పుట్టి ఇంజన్ల వైపు వచ్చిన మనిషి. గోనెసంచిలో, రంపపు పొట్టు మధ్య, కొత్త లైనర్లతో పాటు సగం కరిగిన ఐసుగడ్డ మోసుకొచ్చాడు.

"వేలూర్లో ఐసుండాది, నా షెడ్డు ఉండాది. బ్లాకును ఈడికి తెప్పిచ్చి, ఐసును రైలెక్కిచ్చి తెమ్మంటివి. నీ బండికేమన్నా పెండ్లా అప్పా?" అన్నాడు రాగానే.

"కొత్త పడుగు ఎవురైనా పరాయింట్లో ఎక్కిస్తారా మేస్త్రీ?" అన్నాడు మామ. కొత్త నూలును మగ్గానికి ఎక్కించే పని సొంత ఇంట్లోనే జరగాలన్నది నేతవాళ్ల పట్టింపు. ఇంజనుకూ అదే వర్తిస్తుందని ఆయన నమ్మకం.

"యాడ ఎక్కిస్తే నాకేంలే, ఆ పొగ ఆగితే చాలు నాయనా. దానికి జడిసి బజార్లో దోమలన్నీ మా ఇంటికే చేరినాయి" అంది అత్త.

నూలుకు రంగు కాచే గంగాళంలో నీళ్లు మరిగించి, బ్లాకు లోపల ఇంజను చల్లబడడానికి ఉండే నీటిదారుల్లో పోశారు. వేడికి బ్లాకు వెడల్పవుతుంది, ఐసులో లైనరు ముడుచుకుంటుంది. ఆ వెంట్రుకవాసి తేడా ఉన్నంతసేపట్లోనే దించెయ్యాలి. తడి లైనరును తుడిచి మేస్త్రికి అందించడం నా వంతు. మూడు సాఫీగా దిగాయి. నాలుగోదానికి నా చేతిలో పాతగుడ్డ నానిపోయి మురికిగా ఉంది. మేస్త్రికి మర్యాదగా కప్పడానికి అత్త పళ్లెంలో పెట్టిన కొత్త తువ్వాలు కనబడింది. మంచి పనికి మంచి గుడ్డ అనుకుని దాంతోనే తుడిచాను.

సగం దిగి ఆగిపోయింది.

మేస్త్రి కిందికి నొక్కాడు, పైకి లాగాడు. కదల్లేదు. "ఎవురప్పా తుడిచింది?"

అత్త నా చేతిలోని తువ్వాలును వేళ్లతో నలిపి చూసింది. జిగురు సాగింది. "మగ్గం మీదనించి కోసింది కోసినట్టే ఉండాది. పేపర్లో రాసేవాడివి, కొత్తగుడ్డకు గంజి ఉంటాదని తెలీదా నాయనా?"

నేత ఇంటి మేనల్లుణ్ని. తలెత్తలేకపోయాను.

లైనరు వేడెక్కుతోంది, బ్లాకు చల్లారుతోంది. మేస్త్రి సుత్తి అందుకున్నాడు. "కొడితే దిగొచ్చు, బ్లాకే పగలొచ్చు. నువ్వే చెప్పప్పా."

మామ గోడ వైపు చూశాడు. గోడ అవతల అన్నగారింట్లో మగ్గాలు ఆడుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. బ్లాకు పగిలితే బండి లేదు, ఖాళీ గుంత సిద్ధంగా ఉంది.

"గంజి ఉడుకునీళ్లకు వదుల్తాది గదా! కొట్టేది ఆనక" అంటూ అత్తే గంగాళం దగ్గరికి పరిగెత్తింది. మరిగే నీళ్లు నీటిదారుల్లోనూ లైనరు అంచు చుట్టూ పోసింది. మేస్త్రి మిగిలిన ఐసుముక్కలను మూటకట్టి లైనరు లోపల కూరాడు. కాసేపాగి, పైన చెక్క పెట్టి ఒకే ఒక్క దెబ్బ వేశాడు.

'టప్' మంది. లైనరు అడుక్కంటా దిగింది.

అడుగు తాకిన చప్పుడో, బ్లాకు పగిలిన చప్పుడో మేస్త్రికే తెలియలేదు. "ఆరనీయండి. నీళ్లు నింపి చూస్తాం. ఒక గంట. సిలిండర్లో చెమ్మ కనబడిందా, బ్లాకు పోయినట్టే" అన్నాడు.

బ్లాకు చల్లారాక సిలిండర్లు పొడిగా తుడిచి, నీటిదారుల రంధ్రాలకు చెక్కబిరడాలు కొట్టి నీళ్లు నింపారు. ఎవరూ అన్నానికి లేవలేదు. మామ బ్లాకు ముందు గొంతుక్కూర్చుని, నాలుగో సిలిండర్లోకి రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. మధ్యలో ఒకసారి నా వైపు తిరిగి, "నీది తప్పు కాదులేప్పా, ఇంటికి తెప్పిచ్చింది నేను గదా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది. గంట గడిచాక మేస్త్రి తలూపాడు. మామ చెయ్యి లోపలికి పోనిచ్చి గోడంతా తడిమి, వేళ్లు బయటికి తీసి వెలుతురులో పెట్టి చూసుకున్నాడు.

పొడిగా ఉన్నాయి.

ఆ తరువాత ముప్పై ఏళ్లకు పైగా పత్రికల్లో గడియారం చూసుకుంటూ బతికాను. ఎన్ని వేల గంటలు గడిచాయో గుర్తే లేదు కానీ, గంటంటే ఎంత పొడుగో నేను చూసింది మాత్రం ఆ మధ్యాహ్నమే.