చిక్కమునియప్ప మాస్టరు వెనకనడక

మా చిక్కమునియప్ప మాస్టరు ముందుకు నడవగా మేమెవరమూ చూడలేదు. కాటన్‌పేటలో ఒక బట్టల గోదాము పైన ఉన్న హాల్లో, బాల్‌రూమ్ డాన్సు పోటీలకు వెళ్ళే జంటలకు ఆయన కసరత్తు చేయించేవాడు. పూర్వాశ్రమంలో కుస్తీ వస్తాదు. వాల్ట్జ్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలన్న బెంగా లేదు.

"డాన్సు మీది, దమ్ము నాది" అనేవాడు.

నేను చేరిన రోజే హాలు చుట్టూ వెనక్కి నడవమన్నాడు. ఎందుకని అడిగాను.

"మోకాళ్లకు మంచిదప్పా."

పీణ్య నుంచి వచ్చే వెంకటేశ్ అదే అడిగితే అరుగుదలకు మంచిదన్నాడు. మాతో నేర్చుకునే వనజకు మెడనొప్పి పోతుందని చెప్పాడట. ముగ్గురం కూర్చుని ఎంత ఆలోచించినా మోకాలికీ మెడకీ మధ్యలోకి ఇడ్లీల అరుగుదల ఎలా వచ్చిందో అర్థం కాలేదు.

హాలుతో ఆగలేదు. పొద్దున్నే మమ్మల్ని వీధిలోకి దించి, తానే ముందు, అంటే వెనక్కి, నడిచేవాడు. ఒకరోజు అలాగే వెళ్ళి బట్టల మూటల తోపుడుబండి మీద కూలబడ్డాడు. బండివాడు కన్నడలో ఏదో అన్నాడు. "కూర్చుందామనే వచ్చినానప్పా" అని మాస్టరు కాసేపు అక్కడే కూర్చున్నాడు. టీకొట్టుకూ వీపు ముందుగానే వెళ్ళేవాడు. "ఆయప్ప వస్తా ఉండాడా, పోతా ఉండాడా?" అని కొట్టతను నన్నడిగేవాడు. నాకూ తెలిసేది కాదు.

నా జంట కాత్యాయని మాత్రం ఆయన్ని ఏమీ అడిగేది కాదు. వాల్ట్జ్‌లో ఆడవాళ్ళు వెనక్కి వేయాల్సిన అడుగులు చాలా ఉంటాయి. ఆమె అలా వేయాల్సినప్పుడల్లా భుజం మీదుగా చూసేది, నా చేతుల్లో కట్టెలా బిగుసుకునేది. రాష్ట్ర పోటీలు దగ్గర పడుతున్నాయి. ముందుకు నడిచే కసరత్తు ఏదైనా ఇవ్వమని మాస్టర్ని బతిమాలాను.

"ముందుకు ఎవరైనా పోతారప్పా" అని ఇంకో చుట్టు వేయించాడు.

ఒక ఆదివారం, ఆయన హాల్లో మరచిపోయిన తువ్వాలు ఇవ్వడానికి ఇంటికి వెళ్ళాను. మాస్టరు ముందుకు నడుచుకుంటూ వచ్చి తువ్వాలు తీసుకుని, మామూలు మనిషిలా తిరిగి, ముందుకే నడుచుకుంటూ స్నానానికి పోయాడు. నేను నోరు తెరుచుకుని గుమ్మంలోనే ఉండిపోయాను.

"ఏమప్పా, దయ్యాన్ని చూసినట్ల చూస్తా ఉండావు?" అంది ఆయన భార్య కమలమ్మ.

"ఆయన ముందుకు నడుస్తారామ్మా?"

"పెండ్లైనప్పటి నుంచీ ముందుకే. ఈ వెనకనడక ఆ కాత్యాయని పాప కోసరం పెట్టుకున్నాడు. పోయినేడు పోటీలో వెనక్కి అడుగేస్తా, ఇంకో జంట తగిలి పడి కాలు విరగ్గొట్టుకునింది. మీరెవరూ అప్పటికి ఇంకా చేరలేదులే. తిరిగొచ్చినాక వెనక్కి అడుగెయ్యాలంటే ఒకటే వణుకు. ఒక్కదాన్నే నడిపిస్తే నలుగురూ చూస్తారని, అందరినీ నడిపిస్తా ఉండాడు. పడితే అందరం పడదాం అంటాడు."

పోటీలో కాత్యాయని ఒక్కసారి కూడా భుజం మీదుగా చూడలేదు. దూదిలా వెనక్కి సాగిపోయింది. ఫైనల్ దాకా వెళ్ళాం. పతకం రాలేదు. కారణం నేను. కంగారులో ఊపిరి బిగబట్టి, పాట సగంలోనే టమాటాలా ఎర్రబడి ఆయాసపడ్డాను.

సోమవారం మాస్టరు హాల్లోకి ముందుకు నడుచుకుంటూ వచ్చాడు. అందరూ కంగారుపడి గోడకు అతుక్కున్నారు.

"ఈ పొద్దు నుంచి గుంజీలు తీస్తా అందరూ పాట పాడాల. నోరు మూస్తే కుదరదు."

"వినేవాళ్ళ గతి ఏంటి మాస్టరూ?" అన్నాడు వెంకటేశ్.

"వాళ్లకు కష్టమే. పాడండప్పా."

అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నేను మాత్రం ఏమీ అడగకుండా, చెవులు పట్టుకుని, గట్టిగా పాట అందుకున్నాను.