రబ్బరు లేని మణికట్టు

పోటీల పెద్ద ఆ పిల్ల కుడిచెయ్యి పట్టుకొని పైకెత్తాడు. గెలిచిందని చెప్పడానికి కాదు. మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసి, ఎడమ చెయ్యి కూడా చూపించమన్నాడు. అదీ ఖాళీగానే ఉంది.

“రబ్బరేది?”

“ఆడ ఎవ్వరు లేకుండె సార్. నేను డ్రమ్ము సుట్టు తిరిగే వచ్చిన.” ఆమెకు ఆయాసం ఇంకా తగ్గలేదు.

“ఎవ్వరు లేకుంటె ఎన్కొచ్చినోళ్లకు రబ్బర్లు డ్రమ్మే ఇచ్చిందా?”

మైకు ఆయన పక్కనే ఉంది. మాట మైదానమంతా వినిపించింది. వేదిక మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. వాళ్లను చూసి జనమూ నవ్వారు. కాసేపటి క్రితం ఆమె రిబ్బను తెంపుకొని వచ్చినప్పుడు చప్పట్లు కొట్టింది కూడా ఈ జనమే. ఆమె వచ్చాక రెండో పిల్ల మైదానం గేటులో కనిపించడానికి చాలాసేపు పట్టింది. అంత తేడాతో గెలిచిన పిల్లను దొంగను నిలబెట్టినట్టు నిలబెట్టారు.

ఇది బెల్లంపల్లిలో, ఇరవై ఏళ్లలోపు ఆడపిల్లల దూరపు పరుగు. మైదానంలో మొదలై, ఊరు దాటి, మూతపడ్డ పాత గని గేటు దాకా పోయి తిరిగి రావాలి. మలుపులో ఒక ఇనుప డ్రమ్ము పెడతారు. అక్కడ నిలబడ్డ ఇద్దరు మనుషులు ఒక్కొక్కరి మణికట్టుకు ఒక రబ్బరు బ్యాండు వేస్తారు. సగం దారిలోనే ఎవరూ వెనక్కి తిరగకుండా అదొక ఏర్పాటు. మొదట వచ్చిన ఒక్కరే రాష్ట్ర పోటీలకు పోతారు. ఈ పిల్ల కిందటేడు రెండో స్థానంలో ఆగిపోయింది. ఇంకొన్ని నెలల్లో ఆమెకు ఇరవై నిండుతాయి. అంటే ఇక ఈ వయసు పోటీల్లో చోటుండదు.

రబ్బర్ల మనుషులు ఎక్కడికి పోయారో తెలుసుకోవడం కష్టం కాలేదు. టిఫిన్‌కు పోయారు. ముఖ్య అతిథి ఎనిమిదింటికన్నా ముందు రాడని వాళ్ల లెక్క. అందులో తప్పు పట్టడానికి లేదు. నలభై ఏళ్లు విలేకరిగా ఈ జిల్లాల్లో సభలు రాశాను, చెప్పిన వేళకు వచ్చిన అతిథిని నేనూ చూడలేదు. కానీ ఆ రోజు ఆయనకు పెద్దపల్లిలో పెళ్లి ఉంది. ఆరింటికే వచ్చాడు, జెండా ఊపాడు, ఫొటోలు దిగాడు, కారెక్కాడు. పరుగు మొదలైందని మలుపు దగ్గరి వాళ్లకు ఫోను చెయ్యాలని అక్కడున్న అంత పెద్ద కమిటీలో ఒక్కరికీ తోచలేదు.

“ఒకసారి ఆగి కేకేసిన సార్,” అంది ఆ పిల్ల. “ఎవ్వరు పలకలే. ఆగితె ఎన్కవడ్త గద.”

రబ్బర్ల మనుషుల్లో ఒకడు అగ్గిపుల్లతో పళ్లు కుట్టుకుంటూ వచ్చి, “మేము పొద్దుగాల సంది ఆన్నే ఉన్నం సార్. గీ పిల్ల రాలే,” అన్నాడు. ఆ అగ్గిపుల్లను నేను మరచిపోలేను.

బెల్లంపల్లి నాకు కొత్త కాదు. మా బాపు ఇక్కడ గనిలో బొగ్గు నింపే ఫిల్లరు. ఆయన కాలంలో ఈ పరుగు ఒక గని నుంచి ఇంకో గనికి ఉండేది. అవతలి గని లాంపు రూములో ఇత్తడి బిళ్ల తీసుకొని తిరిగి రావాలి. కార్మికుడు బిళ్ల ఇచ్చి దీపం తీసుకొని కిందికి దిగేవాడు. ఎవరు పైకి రాలేదో ఆ బిళ్లలను బట్టే తెలిసేది. పరుగుకూ అవే బిళ్లలు వాడేవాళ్లు. లాంపు రూము మూడు షిఫ్టుల్లోనూ తెరిచే ఉండేది. ఎవడెంత తొందరగా పోయినా బిళ్ల అందించడానికి అక్కడ ఒక మనిషి ఉండేవాడు.

అప్పటివాళ్లంతా సత్యసంధులని కాదు. ఒకడు సగం దారి సైకిల్ మీద పోయి దొరికిపోయాడు. కాలనీ వాణ్ని చచ్చేదాకా ‘సైకిల్ పహిల్వాన్’ అనే పిలిచింది. అయినా ఆ పరుగు చూడటానికి అర్ధరాత్రి ఇల్లు చేరిన రెండో షిఫ్టువాళ్లు కూడా నిద్రమాని రోడ్డు మీదికి వచ్చేవాళ్లు. నేను బాపు పక్కన నిలబడి చూసేవాణ్ని. పోయేటప్పుడు అందరి ముఖాలూ ఒక్కలాగే ఉండేవి. వచ్చేటప్పుడు ఎవరి ముఖం వాళ్లదే. ఒకడు పక్కటెముకలు పట్టుకొని నడుస్తాడు, ఇక పడిపోతాడనుకుంటాం, ఎక్కణ్నించో ఊపిరి తెచ్చుకొని మళ్లీ ఉరుకుతాడు. “పొద్దంత నడుం వంచి పనిజేసినోనికి నిటారుగ ఉరుకుడంటె ఏందో నీకు తెల్వదు బిడ్డా,” అనేవాడు బాపు.

ఇప్పుడు డ్రమ్ము పెట్టింది ఆ లాంపు రూము ముందే. దాని తలుపులు ఎవరో ఊడబీక్కుపోయారు.

మైదానంలో గొడవ ముదిరింది. రెండో స్థానంలో వచ్చిన భైంసా పిల్ల ముందుకొచ్చింది. “సార్, అక్క నాకు ఎదురొచ్చింది. నేను మలుపు కాడికి పోయేటాల్లకు వీళ్లు బండి స్టాండ్ ఏస్తుండ్రు.”

“నిన్నెవరడిగిండ్రు? నోర్మూసుకొని గీడ నిలవడు,” అని ఆమె కోచ్ రెక్క పట్టి వెనక్కి లాగాడు.

గెలిచిన పిల్ల తల్లి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. ఆమె తాళ్లు దాటుకొని వేదిక దగ్గరికి వచ్చింది. “జల్ది ఉరుకుడు తప్పా సారు? మీరు ఇడ్లీలు తినొచ్చేదాక మెల్లగ ఉరుకుమని ముందుగాలనే చెప్పకపోతిరి?”

“రూల్ రూలేనమ్మా. పరేషాన్ చెయ్యకు, పక్కకు జరుగు.”

“ఊకో అవ్వ,” అని పిల్లే తల్లిని పక్కకు తీసుకుపోయింది. ఆమె ఏడవలేదు. బూట్లు విప్పి చేత పట్టుకొని, వేదిక మీదికి చూస్తూ నిలబడింది. వేదిక మీద శాలువాలు మొదలయ్యాయి. గనుల గడ్డ పరుగుల గడ్డ అని ఒకాయన గొంతు చించుకున్నాడు. ఆ గడ్డ మీద పుట్టిన పిల్ల చెప్పులు లేని కాళ్లతో ఎదురుగానే ఉంది. బంగారు రంగు బిళ్ల భైంసా పిల్ల మెడలో పడింది. ఆమె తల ఎత్తలేదు. ఫొటోగ్రాఫరు నవ్వమని రెండుసార్లు అడిగాడు.

మరునాడు పేపర్లో జెండా ఊపుతున్న అతిథి ఫొటో వచ్చింది. రబ్బరు సంగతి ఒక్క ముక్క లేదు. ఆ వార్త రాసిన కుర్ర విలేకరికి ఫోన్ చేశాను. “గది రాస్తె పోటీలు బద్నామైతయి గద అన్నా,” అన్నాడు. నాకు అసహ్యం వేసింది. అతని మీదా, నేను బతుకంతా చేసిన పని మీదా.

తల్లీకూతుళ్లు ఫిర్యాదు ఇచ్చారు. భైంసా పిల్ల తను చూసింది చూసినట్టు రాసి సంతకం చేసింది. కమిటీ విచారణ అంది కానీ ఇంతవరకు ఎవరినీ పిలవలేదు. ఈలోగా రాష్ట్ర పోటీలు మైదానం దొరక్క వాయిదా పడ్డాయి. విచారణ తేలలేదని, ఉమ్మడి జిల్లా తరఫున పోయేది ఎవరో ఇంకా ప్రకటించలేదు. ఆ పిల్ల రోజూ పొద్దున్నే పాత గని దాకా పోయి, ఇప్పుడు డ్రమ్ము కూడా లేని ఆ చోట తిరిగి, వెనక్కి ఉరుకుతోంది. వానాకాలం పోయేసరికి ఆమెకు ఇరవై నిండుతాయి. పోటీలు అంతకు ముందు జరుగుతాయో, తర్వాత జరుగుతాయో కమిటీ చెప్పడం లేదు.