తొమ్మిది టోకెన్ల గౌరమ్మ

1987. రాయపూర్ భన్‌పురిలో ఇనుప పోత పోసే ఒక ఫ్యాక్టరీలో నేను టైమ్ ఆఫీస్ గుమాస్తాను. టైమ్ ఆఫీస్ అంటే గేటు పక్క గది. ఎవరు ఏ పూట పనికి వచ్చారో రిజిస్టరులో ఎక్కించడం మా పని. నా చదువు మెట్రిక్‌తో ఆగింది. మిగతాదంతా ఊళ్ళోని గ్రంథాలయంలో, నిఘంటువు పక్కన పెట్టుకుని సంపాదించుకున్నదే.

కాంట్రాక్టు కూలీలకు ఏటా దీపావళి తర్వాత 'బ్రేక్' ఇచ్చేవారు. కాంట్రాక్టరు మున్షీ పాసులు తీసేసుకుని, "నా ఇష్టంతో మానేస్తున్నాను" అన్న కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాడు. ఇరవై రోజులకు కొత్త పాసు, కొత్త టోకెన్ నంబరు. పేరుకెదురుగా 'మానేశారు' అని రాసేది నేనే. దాంతో సర్వీసు తెగిపోతుందని నేనూ నమ్మాను.

ఆ ఏడాది బ్రేక్ తర్వాత, ఇసుక జల్లించే గౌరమ్మకు పాసు ఇవ్వలేదు. బొబ్బిలి వైపు మనిషి, యాభై దాటాయి, దగ్గు పట్టుకుంది. తిన్నగా నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"తొమ్మిదేళ్ళు సేసినాను బాబూ. గ్రాట్యుటీ అని ఏదో వొత్తాదంట, నాకు రాదా?"

"ఏటా మానేసినట్టు వేలిముద్ర వేశావు కదమ్మా."

"మానేత్తే మల్లీ ఎందుకొత్తాను? ఆల్లు ఎయ్యమన్నారు, ఏసినాను. నాను రాని రోజులెన్నో మీ బుక్కులో మీరే సూడండి."

ఆ ఆదివారం గ్రంథాలయంలో గ్రాట్యుటీ చట్టం తీశాను. పని వదిలేనాడు యజమాని ఇవ్వాల్సిన సొమ్ము అది. అయిదేళ్ళ సర్వీసు ఉండాలి. మధ్యలో విరామం వచ్చినా, పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేస్తే ఆ ఏడాది నిండినట్టే. ఆ వాక్యం మూడుసార్లు చదివాను. మర్నాటి నుంచి భోజనం వేళ పాత రిజిస్టర్లు దించి ఒక్కో రోజూ లెక్కపెట్టాను. ఏ ఏడాదీ 240కి తగ్గలేదు.

కాంట్రాక్టరు తెలుగువాడే. సంగతి తెలిసి గేటు దగ్గర ఆపాడు.

"ఏంటి రావుగారూ, లైబ్రరీలో కూర్చుని వకీల్ సాబ్ అయిపోయారంట? రేపు కుర్చీ పోతే లైబ్రరీవాళ్ళు ఇస్తారా?"

"ఇవ్వరండి. పుస్తకం మాత్రం ఇచ్చారు."

లేబర్ ఆఫీసులో గౌరమ్మ చేత దరఖాస్తు పెట్టించి, సాక్షిగా నేను నిలబడ్డాను. కాంట్రాక్టరు ధీమాగా ఆ వేలిముద్రల కాగితాలు తొమ్మిదీ బల్ల మీద పెట్టాడు. కొన్నిటిలో గౌరమ్మ, కొన్నిటిలో ఇక్కడి వాడుక చొప్పున గౌరీబాయి అని ఉంది. వీళ్ళంతా వేర్వేరు ఆడవాళ్ళనీ, ఎవరూ ఏడాదికి మించి చేయలేదనీ వాదించాడు.

అధికారి కాగితాలు వరసగా పేర్చి, గౌరమ్మ బొటనవేలు చూపించమన్నాడు. వేలికి అడ్డంగా పాత కోత మచ్చ. తొమ్మిది ముద్రల్లోనూ అదే గీత.

"ఇంతమంది ఆడవాళ్ళకీ వేలు ఒకటేనా సేఠ్?" అన్నాడు హిందీలో.

సర్వీసు తెంచడానికి వేయించిన ముద్రలే తొమ్మిదేళ్ళనూ కలిపి కుట్టాయి. ఉత్తర్వు గౌరమ్మ పక్షాన వచ్చింది.

చట్టం ఆ అలమరలో ఏళ్ళుగా ఉంది. గౌరమ్మ అడిగేదాకా నేనా పుట తెరవలేదు. చదువుకున్నవాణ్ణనుకునే నాకు ఆ కేసు నేర్పింది ఇదే: నా చేత్తో రాసే మాట నిజమో కాదో ముందు నేనే అడగాలి.

ఆఫీసు మెట్లు దిగుతూ గౌరమ్మ ఆగింది. "నాది అయ్యింది బాబూ. ఇసక సెడ్డులో ఇంకా పదకొండు మందున్నారు. ఆల్ల రోజులెప్పుడు లెక్కెడతారు?"

మర్నాడు భోజనం వేళ మొదలుపెట్టాను.