కాణిపాకంలో రెండోసారి క్యూ

మా ఇంట్లో ఆదివారం అంటే ప్రయాణమే. తిరుపతికి వచ్చి రెండేళ్ళు కావస్తోంది. ఈ రెండేళ్ళలో తలకోన జలపాతం, చంద్రగిరి కోట, శ్రీకాళహస్తి, ఇంకా పేరు కూడా గుర్తులేని గుట్టలు ఎన్నో చూశాం. అంతకుముందు మేము నార్వేలో ఉత్తరపు కొసన ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. నాయన అక్కడ చేపల కర్మాగారంలో యంత్రాలు బాగుచేసేవాడు. నడి చలికాలంలో ఆ ఊరికి సూర్యుడు రాడు. ఆదివారం పగలంతా దీపాలు వేసుకుని కిటికీ పక్కన కూర్చునేవాళ్ళం. నేను పుస్తకంతో, అమ్మ అల్లికలతో, నాయన గ్లాసుతో.

ఆ గ్లాసు కోసమే దేశం మారాం. చుట్టాలందరూ ఫోనులో ఒకే మాట చెప్పేవారు: ఆ చలికి తాగుతున్నాడు, ఎండలోకి తెచ్చేయండి, తనే మానేస్తాడు అని. అమ్మానాయనలకు ఎండ కొత్త కాదు, ఇద్దరిదీ చిత్తూరు దగ్గరే. ఆరేళ్ళకే అక్కడికి వెళ్ళిపోయిన నాకే ఇక్కడ అన్నీ కొత్త. ఉక్కపోత అనే మాట ఒక్క మధ్యాహ్నంలో అర్థమైంది. నీరెండ అనే మాట తెలిసిన రోజు మిద్దె మీదికి వెళ్ళి, సాయంత్రం దాకా దాన్ని చూస్తూ కూర్చున్నాను. నాయనకు నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. వారమంతా పొద్దున పోయి రాత్రికి వస్తాడు. ఆదివారం మాత్రం అమ్మ ఆయన్ను ఇంట్లో కూర్చోనివ్వదు. తెల్లవారేసరికి సంచీ సర్దేసి, వాకిట్లో చెప్పులు వేసుకుని నిలబడుతుంది.

కాణిపాకం పొమ్మన్నది చిత్తూరులో ఉండే మా మేనత్త. అక్కడి వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం చేయడం ఈ ప్రాంతంలో ఉన్న ఆచారం. స్నానం చేసి, తడిబట్టలతో స్వామి ఎదుట నిలబడి మాట చెబుతారు. తాగుడు మానాలనుకునేవాళ్ళు చాలామంది అక్కడికే వస్తారు. అక్కడ అబద్ధం చెప్పడానికి ఎంత మొండివాడైనా జంకుతాడు. రెండేళ్ళుగా ముట్టని తమ్ముడు ఇక ఎప్పటికీ ముట్టనని ఆ ఒక్క మాట చెప్పేస్తే తన గుండె మీది బరువు దిగుతుందని అత్త ఆశ. ఇంతకుముందు రెండు ఆదివారాలు బయల్దేరాం కూడా. రెండుసార్లూ పూతలపట్టు దగ్గర నాయన మనసు మార్చుకుని, "ఈ రోజు ఎండ జాస్తిగా ఉండాది, అక్కోళ్ళ ఇంటికి పోదాం" అని నేరుగా చిత్తూరు తీసుకెళ్ళిపోయాడు.

తిరుపతి నుంచి కాణిపాకానికి నేరుగా బస్సులున్నాయి. మేము వెళ్ళేసరికి పొద్దుటి బస్సు వెళ్ళిపోయింది. ఆరున్నర ప్రాంతంలో చిత్తూరు బస్సెక్కి, మనిషికి ఎనభై రూపాయల దాకా టికెట్టు తీసుకుని, గంటా పావులో పూతలపట్టులో దిగాం. కూడలిలో టిఫిన్ బండి ఉంది. ఇడ్లీ వేడిగా, పల్లీల చట్నీ కారంగా ఉన్నాయి. ముగ్గురం నూరు రూపాయల లోపే తిన్నాం. నాయన మాత్రం టీ గ్లాసు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఇంతలో ఇంకో చిత్తూరు బస్సొచ్చి ఆగింది. కండక్టరు "చిత్తూర్, చిత్తూర్" అని పిలుస్తున్నాడు. అమ్మ బస్సు వైపు చూడలేదు, నాయన వైపూ చూడలేదు. సంచీ జిప్పు తీసి మళ్ళీ వేసింది. బస్సు వెళ్ళిపోయింది. నాయన గ్లాసు పెట్టేసి, తనే చెయ్యెత్తి ఆటోను పిలిచాడు.

"యాడికప్పా? కాణిపాకమా? మూడు నూర్లు ఇయ్యండి" అన్నాడు డ్రైవరు.

"మొన్న మావాళ్ళు రెండునూటా యాభైకే వచ్చినారే!" అంది అమ్మ.

"మొన్నటి పెట్రోలు మొన్ననే అయిపాయ గదమ్మా."

అమ్మ నవ్వు ఆపుకుంది. చివరికి రెండు వందల డెబ్బైకి కుదిరింది. రోడ్డుకు రెండువైపులా మామిడి తోటలు, చెరకు చేలు. కొంతదూరం పోయాక డ్రైవరు అద్దంలో మమ్మల్ని చూశాడు.

"దర్శనానికా, ప్రమాణానికా?"

నాయన మామిడి తోటల వైపు తిరిగాడు. "దర్శనానికే" అంది అమ్మ.

"అట్లనా. ప్రమాణానికి పొయ్యేటోళ్ళు పోయేటప్పుడు నోరు తెరవరు, వచ్చేటప్పుడు నోరు ముయ్యరు. మీరు ఊరకుండారని అడిగినా."

గుడి ముందు అత్త మాకంటే ముందే వచ్చి నిలబడి ఉంది. "ఏం అబ్బోడా, బాగా నల్లబడినావే! మంచిదిలే. ఆ మంచులో ఉన్నన్నాళ్ళూ పాలిపోయి ఉంటివి" అని తమ్ముడి చెంప నిమిరింది. తర్వాత నా వైపు తిరిగి, "సూడు పాపా, ఆ చలిలో మనిషి తాగక ఏం జేస్తాడు? ఈడికొచ్చినాడు, మానేసినాడు. సామికి ఆ మాట చెప్పేస్తే అయిపాయ" అంది.

నాయన స్నానం చేసి, తడి పంచెతో, తడి చొక్కాతో వచ్చాడు. ఉచిత దర్శనం క్యూలో గంటకు పైగా నిలబడ్డాం. ఫోన్లు లోపలికి తీసుకెళ్ళకూడదు, బయటే ఇచ్చేయాలి. స్వామి ఎదుట నిలబడే వీలు కొద్ది క్షణాలే. అత్త వెనకనుంచి "చెప్పు, చెప్పు" అని మెల్లగా అంటోంది. నాయన రెండు చేతులూ జోడించాడు. పెదాలు కదల్లేదు. క్యూ మమ్మల్ని ముందుకు తోసేసింది.

బయటికొచ్చాక అమ్మ సంచీలోంచి పొడిబట్టలు తీసి ఇచ్చింది. నాయన మార్చుకుని వచ్చి, ఒక గోడ నీడలో నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. అత్త లడ్డూ ప్రసాదం విరిచి మా చేతుల్లో పెట్టింది.

"చెప్పినావు గదా?" అని తమ్ముణ్ణి అడిగింది.

"లేదక్కా."

"ఏం? నోట మాట రాలేదా?"

"రెండేండ్లుగా ముట్టలేదని నువ్వంటా ఉండావు. అది అబద్ధం. ఈడికొచ్చినాక కూడా తాగినా. నాయుడుపేటలో, డ్యూటీ దిగినాక. మూడు తూర్లు."

అత్త చుట్టూ చూసింది. "మెల్లగా చెప్పు. జనం వింటారు."

"విననీ. చలికి తాగినాడు, చలికి తాగినాడు అని మీరంతా అంటా ఉంటే నాకూ బాగుండె. చలి వల్ల కాదక్కా. చలి ఆడనే ఉండిపాయ. ఈడికొచ్చింది నేను."

ఆయన చేతిలో లడ్డూ ముక్క అలాగే ఉంది. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నాయన తడి పంచె పిండుతోంది, పిండుతూనే అంది.

"నాకు తెలుసు."

నాయన తల ఎత్తాడు. "ఎట్ల తెలుసు?"

"ఆడ పొద్దున్నే మంచులో మీ అడుగులు సూస్తా ఉంటి. రాత్రి ఏ స్నేహితుడింటికి పోయిందీ తెలిసిపోతా ఉండె. ఈడ అడుగులు పడవు. అయినా మనిషి ఇంట్లోకొస్తే తెలవదా?"

"మరి అడగలేదేం?"

"అడిగితే ఒట్టు పెడతారు. ఆడ ఎన్ని పెట్టలా? మీ అంతట మీరే చెప్తారేమో అని ప్రతి ఆదివారమూ మీ యెంట తిరుగుతా ఉండా. కోటలు సూసేదానికా నేనొచ్చేది?"

గుడి మైకులో ఎవరో తప్పిపోయిన పిల్లవాడి పేరు పదే పదే పిలుస్తున్నారు. నాయన లడ్డూ ముక్కను అమ్మ చేతిలో పెట్టి, స్నానాల గదుల వైపు నడిచాడు.

"యాడికిరా? బస్సు పోతాది!" అంది అత్త.

"పోనీలే అక్కా."

ఇప్పుడే మార్చుకున్న బట్టలతోనే నీళ్ళు పోసుకుని వచ్చాడు. అప్పటికి ఎండ ముదిరింది. బండల మీద ఆయన తడి పాదాల గుర్తులు పడుతున్నాయి, మూడో అడుగు వేసేలోగా మొదటిది ఆరిపోతోంది. ఆయన క్యూ చివరికి వెళ్ళి నిలబడ్డాడు. అమ్మ, నేను, చివరికి అత్త కూడా ఆయన వెనక చేరాం. గంటన్నర పట్టింది. ఈసారి అత్త "చెప్పు" అనలేదు. స్వామి ఎదుటికి రాగానే నాయన ప్రమాణానికి కుడిచెయ్యి ముందుకు చాచాడు. ఆయన గొంతు నాకు వినిపించింది, వెనకవాళ్ళకూ వినిపించే ఉంటుంది.

ఇది రాయవచ్చా అని నాయనను అడిగాను. "రాసుకో. కానీ ఆ ఊరి మీద, ఆ చలి మీద నెట్టి రాయొద్దు" అన్నాడు. అందుకే రాస్తున్నాను: ఆ ఊరు మాకు అన్నం పెట్టింది. మంచు కురిసే రాత్రి వీధిదీపం కింద నాకు సైకిలు నేర్పింది కూడా ఈ నాయనే. వెచ్చని దేశానికి వచ్చేస్తే చాలు, మిగతాదంతా ఎండే చూసుకుంటుందని మేము నమ్మాం. ఎండ బట్టలను ఆరబెడుతుంది, వడియాలను ఆరబెడుతుంది. అంతకుమించి దాన్ని అడగకూడదని ఆ రోజు ఆ క్యూలో నాకు తెలిసింది. రేపటి సంగతి నాకు తెలియదు. మొన్న ఆదివారం మాత్రం మొదటిసారిగా ఎక్కడికీ వెళ్ళలేదు. అమ్మ పొద్దెక్కేదాకా పడుకుంది. నాయన ఉప్మా చేశాడు, ఉప్పు కాస్త ఎక్కువైంది.

కాణిపాకం వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. తిరుగు బస్సుకు ముందే టికెట్టు తీసుకోకండి, పొడిబట్టలు రెండు జతలు పెట్టుకోండి. మా సంచీలో ఒక్క జతే ఉంది. నాయన తడిబట్టలతోనే బస్సెక్కాడు. కిటికీ పక్క సీటు ఆయనకే ఇచ్చాం. చంద్రగిరి దాటేసరికి ఆరిపోయాయి.