చీర చీటీ, సి లాంగ్వేజి

ఈమధ్య పార్సిల్ పంపడానికి పటమటలో ఒక లారీ ఆఫీసుకి వెళ్తే, మూలనున్న పాత ప్రింటరు కరకరమంటూ బిల్లు అచ్చువేస్తోంది. ఆ చప్పుడుకి షమీమ్ మేడమ్ గుర్తొచ్చి అలాగే నిలబడిపోయాను. తొంభైల చివర్లో అదే పేటలో, అలాంటి ప్రింటరే ఉన్న ఒక మేడ మీది కంప్యూటర్ సెంటర్లో మాకు సి లాంగ్వేజి నేర్పింది ఆవిడే.

మాది మంగళగిరిలో చీరల కొట్టు. పరీక్ష పాసైతే సెంటర్లోనే ఉద్యోగమిస్తామన్నారు. నాన్న మాత్రం, ఆ పెట్టెతో మనకేం పని, వచ్చి కొట్లో కూర్చోమంటున్నారు. పరీక్షకి ముందురోజు, కీబోర్డు మీద కొట్టిన అంకెల్ని ఒక్కొక్కటిగా చదివి కూడే ప్రోగ్రాము రాశాను. రెండూ మూడూ కొడితే ఐదు రావాలి కదా, నూట ఒకటి వచ్చింది. మళ్ళీ మళ్ళీ కొట్టినా అదే. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"నా బుర్రకిది ఎక్కదు మేడమ్. కొట్లోనే కూర్చుంటానండి," అన్నాను.

ఆవిడ తెర వంక చూసి మురిసిపోయారు. "అబ్బ, నూట ఒకటి ఎంత కరెక్టుగా వచ్చిందో చూశావా!"

ఏడుస్తుంటే ఎగతాళా అని నాకు ఒళ్ళు మండింది. ఆవిడ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. "మీ కొట్లో చీర చీటీ మీద అక్షరాలు రాస్తారుగా, ఎందుకూ?"

"కొన్న ధరండి. బేరమాడేవాళ్ళకి తెలియకుండా ఒక్కో అంకెకి ఒక్కో అక్షరం."

"ఇదీ అంతేనమ్మా. నువ్వు కీబోర్డు మీద కొట్టినా, ప్రోగ్రాములో సింగిల్ కోట్స్ మధ్య పెట్టినా, దానికి తెలిసింది ఆ గుర్తు నంబరే. 2 గుర్తు నంబరు యాభై, 3ది యాభై ఒకటి. కలుపు మరి."

తర్వాత 'A'కి ఒకటి కలిపి, వచ్చినదాన్ని అక్షరంగా చూపించమన్నారు. తెర మీద B వచ్చింది. A అరవై ఐదు, B అరవై ఆరు. అక్షరానికి ఒకటి కలిపితే పక్క అక్షరం! నాకు ఒళ్ళు గగుర్పొడిచింది.

"మరి నా ఐదండీ?"

"సున్నా గుర్తు నంబరు నలభై ఎనిమిది. కూడే ముందు ఒక్కోదాంట్లోంచీ '0' తీసెయ్."

తీసేశాను. ఐదు వచ్చింది.

పరీక్ష పాసయ్యాను. నాన్న మెత్తబడలేదు. "ఒక్కసారి మీ నాన్నగారిని తీసుకురా," అన్నారు మేడమ్. తీసుకొచ్చాను. "ఏదన్నా అక్షరం నొక్కండి," అంటూ ఆయన్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. నాన్న బెరుగ్గా A నొక్కారు. అరవై ఐదు కనపడింది. B నొక్కారు. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే వరసగా నొక్కుకుంటూ పోయారు.

"ఇది మన చీటీల లెక్కే కదమ్మా?" అన్నారు నాతో, గొంతు తగ్గించి.

"మీరు రోజూ చేసేదేనండీ," అన్నారు మేడమ్.

మెట్లు దిగాక నాన్న, "రోజూ రావాలిగా, బస్సు పాసు తీసుకో," అన్నారు. నాకు రోడ్డు మీదే కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. నాకిది రాదని ఏ పిల్ల తల దించుకున్నా, పుస్తకం మూసేసి, "మీ ఇంట్లో ఏం పని చేస్తారమ్మా?" అని అడుగుతాను.