సాయవ్వ బాతుల కాపురం

సాయవ్వ నోరు ఊరుకునేది కాదు. మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటనే మనిషి దొరికితే మనిషితోని, దొరకకుంటే మేకతోని, మేక సుత మేతకు పోతే పొయ్యితోని మాట్లాడేది. ఆమె మొగుడు వీరయ్య దానికి ఉల్టా. భీవండిల మరమగ్గాల చప్పుడు పడక నారాయణరావుపేటకు తిరిగొచ్చి, మళ్ల తన గుంట మగ్గం మీద కూసున్న మనిషి. గొల్లభామ బొమ్మల చీరలు నేస్తడు. అడిగితే ఒక మాట చెప్తడు, అడగకుంటే అదీ లేదు.

అసుంటి ఇంటికి బాతులు వచ్చినయి. వరికోతలు అయిపోయినంక ఆంధ్ర దిక్కు నుంచి బాతులోళ్లు వచ్చి, కోసిన మళ్లల్ల బాతులను మేపుకుంట ఊరి బయట గుడిసెలు వేసుకున్నరు. వాళ్లల్ల ఒకామెకు జరమొస్తే సాయవ్వ రోజు గంజి కాచి తీస్కపోయి తాపింది. గుడిసెలు పీకి పోయేనాడు ఆమె ఒక గంపల బాతుపిల్లలను తెచ్చి సాయవ్వ ముంగట పెట్టింది.

"సాక్కో అక్కా. గుడ్లు పెడతాయి" అన్నది.

సాయవ్వ ఆ పిల్లలకు తవుడు తడిపి పెట్టింది, నూకలు చల్లింది, ఇంటి ఎనక కుంటకు తోల్కపోయి తోల్కచ్చింది. అవి ఆమె గొంతు వింటే చాలు, వరుస కట్టి ఎనకనే నడిచేటియి. ఇంతమంది తన మాట వినేటోళ్లు ఆమెకు ఎన్నడూ దొరకలేదు.

ఎండకాలం నడుమకు వచ్చేసరికి బాతుల గొంతులు మారినయి. మూడు మాత్రం "క్వాక్" అని గట్టిగ అరుస్తున్నయి. మిగిలినయన్నీ గొంతు బొంగురు పోయినట్టు గుసగుసమంటున్నయి. వాటి తోకల మీద ఈకలు వంకీ తిరిగినయి. వీరయ్య మగ్గం మీదినుంచి లేచి వచ్చి చూసి ఒక మాట అన్నడు.

"నీ గంపల పెండ్లికొడుకులే ఎక్కువున్నరు గదనే."

అప్పుడు సమజైంది సాయవ్వకు. గుడ్లు పెట్టే పెట్టలను బాతులోళ్లే ఉంచుకున్నరు, మగయి ఈమెకిచ్చి పోయిన్రు. కోపం రాలేదు. నవ్వొచ్చింది. "మగయైతే ఏంది, నాలుగు మెతుకులు తిని ఉంటయి" అనుకున్నది.

వానలు పడి కుంటల నీళ్లు చేరినంక అసలు కథ మొదలైంది. నిన్నటిదాక కలిసి తిరిగిన మగబాతులు ఒకదాని రొమ్ము మీదికి ఒకటి ఎగబడుడు, రెక్కలు పట్టి గుంజుడు. అన్నిట్ల పెద్దది ఒకటుండె. మెడ నిగనిగలాడుకుంట, రొమ్ము ఇరిచి నడుస్తదని దానికి జమేదారు అని పేరు పెట్టింది సాయవ్వ. అది మిగిలిన వాటిని తరిమి తరిమి కొట్టి, ఇగ పెట్టల మీద పడ్డది. అది దిగంగనే ఇంకోటి, దాని ఎనక ఇంకోటి. పెట్టలకు తిననీకి లేదు, కూసోనీకి లేదు.

ఒకనాడు పొద్దుగాల పక్కింటి అనసూర్య కుంట కాడ బట్టలు పిండుకుంట కేక పెట్టింది. "సాయక్కా, నీ తెల్లదాన్ని ముంచుతున్నయి."

సాయవ్వ ఉరికొచ్చి చూస్తే తెల్లపెట్ట మీద రెండు మగబాతులు ఎక్కినయి, మూడోది మెడ పట్టింది. పెట్ట తలకాయ నీళ్లల్ల మునిగి ఉన్నది. సాయవ్వ చీర సుత దోపుకోకుంట కుంటల దిగింది. జమేదారు మెడ ఒక చేత, ఇంకోదాని రెక్క ఒక చేత పట్టి అవతలికి ఇసిరింది. "మీ ఇంట్ల ఆడపుట్టువు లేదార" అని తిట్టుకుంట పెట్టను సంకల పెట్టుకొని, బురదల కాలు జారి, నడుం దాక తడిసి ఒడ్డుకొచ్చింది. గట్టు మీదోళ్లు నవ్విన్రు. ఆమె నవ్వలేదు. పెట్ట తలకాయ ఎనక ఈకలన్నీ ఊడి, తోలు చినిగి నెత్తురు కారుతున్నది.

ఇంటికి తెచ్చి ఏపాకు కాచిన నీళ్లతోని కడిగి పసుపు పెట్టింది. మగ్గం పక్కన గోనె పరిచి దాన్ని పడుకోబెట్టింది. అది కండ్లు మూసుకొని వణుకుతుంటే సాయవ్వ ఆ పూట మాట్లాడనే లేదు. ఇల్లంత బోసిపోయినట్టై వీరయ్య మగ్గం ఆపిండు.

"ఏమన్న చేస్త ఉండు" అన్నడు.

నేతల తప్పు పడి మూలకేసిన గొల్లభామ ముక్క తీసి, కత్తిరించి, పెట్టకు మెడ మీదికి వీపు మీదికి వచ్చేటట్టు చిన్న గలీబు లెక్క తొడుగు కుట్టిండు. రెక్కల కింద తాళ్లు కట్టిండు. నెత్తిన చల్లకుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మ సరిగ్గ బాతు వీపు మీదికి వచ్చింది. గాయం కొంచెం మానంగనే దాన్ని వాకిట్ల ఇడిస్తే అది సిగ్గుపడ్డట్టు తలకాయ వంచుకొని నడిచింది. సూడవచ్చినోళ్లు పొట్ట పట్టుకొని నవ్విన్రు. ఈసారి సాయవ్వ సుత నవ్వింది. అయితే కుంటల దిగంగనే బట్ట నాని బరువై పక్కకు జారింది. జమేదారు వచ్చి ఆ బట్టనే నోట పట్టి గుంజబట్టింది. మొగుడు పెండ్లాలు ఇద్దరూ దిగి దాన్ని ఇడిపించుకచ్చిన్రు.

ఇట్ల కాదని సాయవ్వ పెట్టను గంపల పెట్టుకొని బస్సెక్కి సిద్దిపేట పసుల దవాఖానకు పోయింది. అక్కడి డాక్టరు చంద్రశేఖర్ గాయం ఒత్తి చూసి, మలాము రాసి, అడిగిండు. "అమ్మా, మగయి ఎన్ని, పెట్టలెన్ని?"

ఆమె చెప్పింది. ఆయన నవ్వు ఆపుకున్నడు.

"తలకిందులైంది గదమ్మా. అయిదారు పెట్టలకు ఒక్క మగది సాలు. బాతులు చెడ్డయి కావు, నీ లెక్క చెడ్డది. మందు నేనిస్త. మగయి అట్లనే ఉంటే మల్ల ఇదే గాయమైతది. పుండు మీద ఈగ వాలనియ్యకు. ఎండిందాక కుంటకు ఇడువకు గని, తలకాయ మునిగేటంత లోతు నీళ్లు గిన్నెల పెట్టు. కండ్లు కడుక్కోకుంటే దానికి కండ్లు పాడైతయి."

ఇంటికొచ్చి చెప్పినంక వీరయ్య గొంతు సవరించుకున్నడు. "మగయిటిని కోసుకుంటే..."

"నా చేతిల తిన్నయి" అన్నది సాయవ్వ. ఆ మాట అంతటితోని అయిపోయింది.

రెండు పూటలు ఆమె గడప మీద కూసొని బాతులనే చూసింది. మగయిట్ల ఒకటి మెతకది. పెట్ట ముంగట తలకాయ కిందికి మీదికి ఆడించి, అది సరే అంటేనే దగ్గరికి పోతది, లేకుంటే ఊరుకుంటది. మిగిలినయి దాన్ని ఎప్పుడూ తరుముతుంటయి. "వీడే మన అల్లుడు" అని ఆమె తేల్చింది. దాన్ని పెట్టలతోని ఉంచి, మిగిలిన మగయిటికి వాకిలి అవతలి దిక్కు ఏరే కొట్టం వేయించింది. వీరయ్య ఇరిగిన మగ్గం కర్రలు పాతి, నడుమ తడకలు కట్టి, కండ్లకు కనపడకుంట పాత గోనెలు ఏలాడదీసిండు. కుంటకు పొద్దుగాల మగయి, మాపటికి పెట్టలు.

ఆమెకు ఒక ఇచిత్రం కనపడ్డది. పెట్టలు కనపడకపోయేసరికి ఆ మగబాతులు కొట్లాట మరిచినయి. ఒకదాని పక్కన ఒకటి కూసొని ఈకలు దువ్వుకుంట, తవుడు పంచుకొని తినబట్టినయి. ఒక్క జమేదారే ఊరుకోలే. అవతల పెట్ట గొంతు వినపడితే చాలు, తడకను రొమ్ముతోని గుద్దుడే గుద్దుడు. తడక ఇరిగింది. మళ్ల కట్టిన్రు. మళ్ల ఇరిగింది.

అప్పుడే వీరయ్య కాడ చీర చూసుకోనీకి సిద్దిపేట నుంచి రాధాబాయి వచ్చింది. ఆమె ఇంటాయనకు స్టీలు సామాన్ల దుకాణం. పెద్ద ఇల్లు, ఎనక పూలతోట. తోట నిండ నత్తలు పడి చామంతులను తినిపోతున్నయని బాధపడ్డది.

"నత్తలా?" అన్నది సాయవ్వ. "వాటికి నా కాడ జమేదారున్నడు తీస్కపో వదినె. కోసుకోనని మాటియ్యి."

"మేము శాకాహారులం గదమ్మా, కోసేదెవరు" అని నవ్వింది రాధాబాయి.

జమేదారు ఆటోల సిద్దిపేటకు పోయింది. నెల తిరిగినంక మళ్ల వచ్చినప్పుడు రాధాబాయి చెప్పింది. నత్తలన్నీ అయిపోయినయట. పాలోడు గేటు తీసినా, చిట్టీలాయన వచ్చినా జమేదారు రొమ్ము ఇరిచి ఎదురుపోతున్నదట. అందరూ దానికి దారి ఇచ్చి నడుస్తున్నరట. పెట్ట గొంతే వినపడని జాగల దానికి కోపం రానే లేదట.

ఇక్కడ తెల్లపెట్టకు మెడ మీద కొత్త ఈకలు మొలిచినయి. మొదట నూగులెక్క, తర్వాత తెల్లగ. మెతక మగబాతు దాని పక్కన ఈదుకుంట పోతుంటే సాయవ్వ గట్టున కూసొని ఇద్దరికి బుద్ధులు చెప్పేది. పెట్టలు గుడ్లు పెట్టబట్టినయి. అనసూర్య వచ్చి, "మా మరదలు కోళ్లల్ల పుంజులు ఇట్లనే కొట్లాడుతున్నయక్కా, ఏం చెయ్యాలె" అని అడిగితే, సాయవ్వ కండెలు పక్కన పెట్టి పొద్దుగూకిందాక చెప్పింది.

గాయం మానేదాక ఇంట్ల ఉండి అలవాటైందేమో, తెల్లపెట్ట ఒకనాడు గుడ్లు పెట్టనీకి వీరయ్య మగ్గం గుంటల దిగింది. గోనె గుంజి లోపలికి తెచ్చుకొని, రొమ్ము ఈకలు పీకి పరుచుకొని, పొదగనీకి కూసున్నది. వీరయ్య కాళ్లు పెట్టే జాగ లేదు. కాలు దించితే ముక్కుతోని పొడుస్తది. రాధాబాయికి నేస్తున్న చీర సగంల ఆగింది.

రాధాబాయి చీర కోసం మనిషిని పంపింది. వీరయ్య వాకిట్ల నులక మంచం మీద ఎండకు కూసొని చాయ తాగుతున్నడు. ఆయన అంత కుశాలగ కూసున్నది ఊరోళ్లు ఎన్నడూ చూడలేదు.

"చీర ఎప్పటికైతదే వీరయ్యా?" అని అడిగిండు వచ్చినాయన.

వీరయ్య లోపలికి చెయ్యి చూపిండు. "గామెను అడుగు. గుడ్లల్ల పిల్లలు లేచినంక లేస్తదట. ఆమె లేచినంకనే నేను కూసునేది."